ఒకే టేబుల్, రెండు జీతాలు: లేబర్ ఆఫీసు చుట్టూ తిరిగిన నా అనుభవం

ఆఫీసు రబ్బరు స్టాంపు నా సొరుగులో ఉంటుంది. ఈ గొడవంతా దానివల్లే మొదలైంది.

2023 అక్టోబరు 9, సోమవారం. మధ్యాహ్నం టిఫిన్ బాక్సు కడుక్కుని వచ్చేసరికి మా అకౌంట్స్ అబ్బాయి నా టేబుల్ దగ్గర కాగితం పట్టుకుని నిలబడ్డాడు. "అక్కా, బైక్ లోనుకు శాలరీ సర్టిఫికెట్ అడిగిండ్రు. సార్ సంతకం అయింది, స్టాంపు వెయ్యవా" అన్నాడు. ఇంకు ప్యాడ్ ఎండిపోయి ఉంది. రెండు చుక్కల నీళ్లు వేసి, స్టాంపు అద్ది, కాగితం మీద పెట్టబోతూ అంకె చూశాను. 21,000.

నా జీతం 15,500.

స్టాంపు వేశాను. కాస్త వంకరగా పడింది.

నేను పనిచేసేది ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో. ఊరి పేరు, కంపెనీ పేరు రాయను, ఇప్పటికీ అక్కడే పనిచేస్తున్నాను. 2012లో 4,500 జీతంతో చేరాను. ఆ అబ్బాయి 2022 జూన్‌లో వచ్చాడు. సరుకు దాచిన రైతుకిచ్చే రసీదు, అంటే బాండు, ఎలా రాయాలో, కంప్యూటర్‌లో ట్యాలీ లెక్కల్లో అద్దె ఎక్కడ ఎక్కించాలో, బ్యాంకు లోను ఉన్న లాట్ (ఒక రైతు సరుకు) మీద ఎర్ర పెన్నుతో ఎందుకు గుర్తు పెట్టాలో మూడు నెలలు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది నేనే. ఇద్దరిదీ ఒకే టేబుల్, ఒకే ప్రింటరు. మా జీతాలు మాత్రం ఓనరు గారి బావమరిది టౌన్‌లో కూర్చుని వేస్తారు, అందుకే పదహారు నెలలు నాకు తెలియలేదు.

ఆ రాత్రి మా ఆయనతో చెప్తే, "ఉన్నది ఊడగొట్టుకుంటవా ఏంది, పాప ఇంటర్ ఫీజు ఉంది" అన్నాడు. తప్పు పట్టను, భయం నాకూ ఉంది. వింతేమిటంటే నా వైపు మాట్లాడింది మా అత్తమ్మ. టీవీ వంక చూస్తూనే అంది: "మడిలో నడుములు వంచి నాట్లేసేది మేము. గట్టు మీద నిలవడి నారు కట్టలు ఇసిరేది మగోళ్లు. కూలి మాత్రం ఆళ్లకే ఎక్కువ. మేం ఎన్నడు అడగలే." అంతే, మళ్లీ సీరియల్‌లో పడిపోయింది. ఆమె మాట వారం రోజులు నా చెవిలో గింగిరాలు కొట్టింది.

అక్టోబరు 16న మేనేజర్ గారిని అడిగాను. అరవలేదు, గొడవపడలేదు. "సార్, పని ఒకటే కదా, జీతం ఎందుకు తేడా" అన్నాను, అంతే. ఆయన నవ్వి, "వాడికి పెళ్లి కావాలి, ఇల్లు చూసుకోవాలి. నీకేందమ్మా, మీ ఆయన సంపాదిస్తున్నడు కదా" అన్నారు. నా జీతంలో సగం ఇంటి అద్దెకే పోతుందని చెప్పబోయి ఆగిపోయాను. అలా చెప్తే నా అవసరం చూపించి జీతం అడుక్కున్నట్టు ఉంటుంది. నేను అడుగుతున్నది అది కాదు.

"సంక్రాంతికి చూద్దాం" అన్నారు. సంక్రాంతికి అందరితో పాటు ఒక జాకెట్టు ముక్క, వెయ్యి రూపాయలు ఇచ్చారు.

2024 జనవరి 24న ఉత్తరం రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను, అక్‌నాలెడ్జ్‌మెంట్ కార్డుతో సహా. అప్పట్లో ఖర్చు యాభై రూపాయల లోపే అయింది. ఆ పింక్ కార్డు మీద మేనేజర్ గారి సంతకంతో తిరిగొచ్చిన రోజు మొదటిసారి టెన్షన్ పట్టుకుంది. అంతవరకు నోటి మాట, ఇక కాగితం. ఆ కార్డు తర్వాత చాలా పనికొచ్చింది, పడేయకండి.

పదిహేను రోజులు చూశాను. జవాబు లేదు.

ఫిబ్రవరి 8న మొదటిసారి జిల్లా కేంద్రంలో లేబర్ ఆఫీసుకు వెళ్లాను. ఆడవాళ్లకు బస్సులో జీరో టికెట్టే కాబట్టి ప్రయాణానికి పైసా కాలేదు, పోయింది ఒక రోజు జీతం. ఆఫీసరు గారు ఫీల్డుకు వెళ్లారన్నారు. రెండున్నర గంటలు కూర్చుని తిరిగొచ్చాను. ఫిబ్రవరి 12న మళ్లీ వెళ్తే కలిశారు. "కనీస వేతనం కంటే తక్కువ ఇస్తున్నరా?" లేదు సార్. "పీఎఫ్ కట్టట్లేదా?" కడుతున్నారు సార్. "గ్రాట్యుటీనా?" కాదు సార్. మరి ఇంకేంటి అన్నట్టు చూశారు. మగవాళ్లకు ఎక్కువ ఇస్తున్నారు సార్ అని చెప్పాక, పక్కనున్న క్లర్కుతో "సమాన వేతన చట్టం, 1976ది, దాని ఫారం ఉందా మన దగ్గర?" అని అడిగారు. ఆ క్లర్కు రెండు బీరువాలు తీసి చూశాడు. లేదు. ఆయన అమర్యాదగా ఏమీ మాట్లాడలేదు. ఆ చట్టం కింద జీతం తేడా అడిగే దరఖాస్తు బీ ఫారం, అందులో మూడు ప్రతులు రాసుకు రండి, అసిస్టెంట్ కమిషనర్ గారి ముందు పెడదాం అన్నారు. అక్కడే నాకర్థమైంది: చట్టం వచ్చి యాభై ఏళ్లు కావొస్తున్నా, మా ఆఫీసులో దాని కోసం మెట్లెక్కినవాళ్లు నాకు ముందు ఎంతమందో లేరు.

ఫారం ఎక్కడ దొరుకుతుందో తెలియక ఒక లాయర్ని అడిగితే 15,000 ఫీజు అన్నారు. నా నెల జీతం! బయటికొచ్చి కోర్టు గేటు దగ్గర టీ తాగుతుంటే, టీ కొట్టు ఆమె చెప్పింది: "లోపల లీగల్ సర్వీసెస్ ఆఫీసుంది, ఆడవాళ్లకు ఫ్రీ." నేను నమ్మలేదు. తెల్ల రేషన్ కార్డు ఉండాలేమో, జీతం చూస్తారేమో అనుకున్నాను. అవేవీ అక్కర్లేదు. మహిళ అయితే చాలు, ఆదాయంతో పని లేకుండా లాయర్ని ఇస్తారు, చట్టంలోనే ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ అని బోర్డు ఉంటుంది. ఒక పేజీ దరఖాస్తు, ఆధార్ జిరాక్సు. ఇంత చిన్న విషయం టీ కొట్టు దగ్గర తెలుసుకోవాల్సి వచ్చింది.

దరఖాస్తు ఇచ్చింది ఫిబ్రవరి 15న. లాయర్ మేడం పేరు చెప్తూ ఫోను వచ్చింది 27న. మధ్యలో మేడారం జాతర. 21 నుంచి 24 దాకా మా వైపు బస్సులన్నీ అటే, ఆఫీసుల్లో సగం మంది అటే. నేనూ వెళ్లాను, అమ్మవార్లకు బంగారం మొక్కుకున్నాను. బంగారమంటే బెల్లం, మా వైపు వాళ్లకు తెలుసు. ఎన్ని కిలోలో చెప్పను.

లాయర్ మేడం నాకంటే చిన్నది. కాగితాలన్నీ చూసి ఒక మాట అంది: "జీతం తేడా ఉందని చూపించడం తేలికక్కా. ఆ బైక్ లోను సర్టిఫికెట్టు పెద్ద విషయం కాదు, జీతాల షీటు వాళ్ల చేతే తెప్పిద్దాం. పని ఒకటేనని చూపించడమే కష్టం. మీరు రోజూ ఏం చేస్తారో రాసుకుని రండి."

ఇది పావుగంట పని అనుకున్నాను. మూడు రాత్రులు పట్టింది.

మొదటి రాత్రి రాసింది ఇంతే: "బాండ్లు రాయడం, రిజిస్టరు రాయడం, ట్యాలీ ఎంట్రీలు." మూడు లైన్లు. చూసుకుంటే నాకే సిగ్గేసింది, పన్నెండేళ్లు నేను చేసింది ఇదేనా అని. ఇది చదివితే ఎవరైనా 15,500 ఎక్కువే అంటారు. రెండో రాత్రి కళ్లు మూసుకుని, గేటు దగ్గర ట్రాక్టరు ఆగడం నుంచి గుర్తు చేసుకుంటూ రాశాను. లోడు రాగానే రైతు పేరు, ఊరు, బస్తాల లెక్క. కాంటా చీటీతో సరిచూడటం. తేజానా, వేరే రకమా. తడి బస్తా ఉంటే చెయ్యి లోపలికి పెట్టి చూసి పక్కన పెట్టించడం. దానివల్ల రెండు గంటలు గోళ్ల కింద మంట. లాట్ నంబరు వెయ్యడం. ఏ ఛాంబరు, ఎన్నో అంతస్తు. రైతుకు బాండు. బ్యాంకువాళ్లు ఆ బాండు మీద లోను ఇస్తే లెటరు వస్తుంది, వెంటనే రిజిస్టరులో ఎర్ర గుర్తు. ఆ గుర్తు మర్చిపోతే లోను తీరకుండానే సరుకు గేటు దాటిపోతుంది, అప్పుడు లక్షల్లో నెత్తి మీదికొస్తుంది. పన్నెండేళ్లలో ఒక్కసారి కూడా మర్చిపోలేదు. హమాలీల కూలి చిట్టా. అద్దె లెక్క. రైతు సరుకు ఎండిపోయి తూకం తగ్గిందని గొడవకొస్తే కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి లెక్క చూపించడం. సీజన్‌లో, అంటే ఫిబ్రవరి నుంచి మే దాకా, రాత్రి పది, పదకొండు దాకా ఉండటం.

మొత్తం నాలుగు పేజీలైంది. మూడో రాత్రి దాన్ని చక్కగా తిరగరాస్తూ ఏడ్చాను. బాధతో అని చెప్పలేను. అది చదివితే నాకే నా మీద గౌరవం కలిగింది, అంతే.

మేడం ఆ నాలుగు పేజీల పక్కన చట్టంలోని మూడు మాటలు రాసింది: నైపుణ్యం, శ్రమ, బాధ్యత. పేరు ఏదైనా, ఈ మూడూ సమానంగా ఉంటే అది ఒకే తరహా పని కిందికి వస్తుందట. బొంబాయిలో మెకినన్ మెకంజీ అనే షిప్పింగ్ కంపెనీలో లేడీ స్టెనోగ్రాఫర్‌గా చేసిన ఆడ్రీ డికోస్టా ఇలాగే కొట్లాడితే, 1987లో సుప్రీంకోర్టు ఆమె వైపే తీర్పిచ్చిందని చెప్పింది. అంత డబ్బు ఇచ్చుకోలేమని కంపెనీ అన్నా, సమాన జీతానికి కంపెనీ ఆర్థిక పరిస్థితితో సంబంధం లేదన్నారట. ఇంటికెళ్లి ఆమె పేరు మా పాప చేత నోటుబుక్కులో రాయించాను.

మార్చి 4న బీ ఫారం మూడు ప్రతులు ఇచ్చాం. 2022 జూన్ నుంచి 2024 ఫిబ్రవరి దాకా 21 నెలలు, నెలకు 5,500 చొప్పున 1,15,500 రూపాయలు. ఫారంలో అంకెలు, అక్షరాలు రెండూ రాయాల్సి వచ్చింది. అక్షరాల్లో రాసేటప్పుడు చెయ్యి వణికింది.

నాలుగు రోజులకు మార్చి 8. ఆ ఏడాది శివరాత్రి, మహిళా దినోత్సవం ఒకే రోజు వచ్చాయి. సీజన్ కాబట్టి మాకు సెలవు లేదు, నేను ఉపవాసం. మేనేజర్ గారు ఆడవాళ్లందరికీ తలొక గులాబీ ఇచ్చి ఫోటో తీయించారు. నోటీసు ఇంకా వాళ్లకు అందలేదు. ఆ ఫోటోలో నా మొహం చూస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది.

నోటీసు 19న వచ్చింది. ఆ తర్వాతి మూడు నెలల గురించి ఎవరూ నాకు ముందు చెప్పలేదు, అందుకే రాస్తున్నాను.

20న ఉదయం వచ్చేసరికి నా కుర్చీ లేదు. వే బ్రిడ్జి దగ్గర కాంటా గదిలో వేశారు. రేకుల గది, ఏప్రిల్ ఎండ, పక్కనే మిర్చి లోడ్లు. ఘాటుకు రోజంతా దగ్గు. ఎవరూ నన్ను తిట్టలేదు, బెదిరించలేదు. టీ అబ్బాయి మాత్రం కాంటా గదికి రావడం మానేశాడు. రోజూ కలిసి తినే ఇద్దరు మగవాళ్లు వేరే చోట తినడం మొదలుపెట్టారు. అందరికంటే బాధ పెట్టింది ఆ అకౌంట్స్ అబ్బాయి మాట్లాడటం మానెయ్యడం. ఎందుకో తర్వాత తెలిసింది. ఇద్దరికీ సమానం చేయాలంటే నీ జీతం కోసి ఆమెకు కలుపుతామని ఎవరో అతనికి చెప్పారు. మేడాన్ని అడిగితే, అలా చేయడానికి వీల్లేదని చట్టంలోనే రాసి ఉందని చూపించింది. సమానం చేసే పేరుతో ఎవరి జీతమూ తగ్గించకూడదు. ఆ పేజీ జిరాక్సు తీసి, ఒక సాయంత్రం అతని బైక్ సీటు కింద పెట్టి వచ్చాను. లోను మీద కొన్న ఆ బైకే.

మొదటి వాయిదా ఏప్రిల్ 3. కంపెనీ వైపు ఎవరూ రాలేదు. రెండోది ఏప్రిల్ 24. ఆఫీసరు గారు ఎలక్షన్ డ్యూటీ. మే 13న పార్లమెంటు ఎన్నికలు అయ్యేదాకా, ఫలితాలు వచ్చేదాకా, ఏ ఆఫీసులో ఏ పనీ కాదన్నారు. తర్వాతి తేదీ జూన్ 19. యాభై ఆరు రోజులు. ఆ రేకుల గదిలో ఒక్కో రోజూ లెక్కపెట్టాను. మే నెలలో ఒక రాత్రి రాజీనామా కాగితం కూడా రాశాను. అత్తమ్మ చూసి, "ఇది రాసుడు ఆళ్లకు కావాల్సింది" అని చింపేసింది. మా ఆయన అప్పటికి మారాడు. వాయిదా రోజు ఉదయం వంట తనే చేసేవాడు. పప్పులో ఉప్పు మర్చిపోయేవాడు, అది వేరే సంగతి.

జూన్ 19న కంపెనీ తరఫున ఒకాయన వచ్చారు. విచారణ అంటే సినిమాలో కోర్టులా ఉంటుందనుకున్నాను. ఒక పెద్ద టేబుల్, ప్లాస్టిక్ కుర్చీలు, పైన టకటక కొట్టుకునే ఫ్యాను. ఆయన చెప్పింది రెండు మాటలు. ఒకటి, నేను క్లర్కు, అతను అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్. రెండు, సీజన్‌లో రాత్రి డ్యూటీ అతనే చేస్తాడు. మొదటి దానికి నాకు కోపం రాలేదు, రెండో దానికి కుర్చీలోంచి లేచేశాను. మేడం చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. ఆమె ఒక్కటే అడిగింది: చట్టం ప్రకారం ఉండాల్సిన డీ ఫారం రిజిస్టరు చూపించండి. ఎంతమంది మగవాళ్లు, ఎంతమంది ఆడవాళ్లు, ఏ పనికి ఎంత జీతం అని రాయాల్సిన రిజిస్టరు అది. వచ్చే వాయిదాకు తెస్తామన్నారు.

జూలై 10న తెచ్చారు. రెండేళ్ల లెక్క, అంతా ఒకే నీలం పెన్ను, ఒకే ఒత్తిడి, ఎక్కడా ఒక కొట్టివేత లేదు, ఒక టీ మరక లేదు. పన్నెండేళ్లు రిజిస్టర్లు రాసినదాన్ని, నాకా తెలియనిది? అట్ట కొత్త వాసన వస్తోంది. ఆఫీసరు గారు పేజీలు తిప్పి, నా వైపు ఒకసారి చూసి, మూసేశారు. ఏమీ అనలేదు.

ఇక్కడొక జాగ్రత్త. ఇన్‌వర్డ్ రిజిస్టరులో రాత్రి వచ్చిన లోడ్లకు టైము రాస్తాం, ఆ పేజీలన్నీ నా చేతిరాతే. అసలు రిజిస్టరు సంచిలో వేసుకుని తెస్తానంటే మేడం గట్టిగా వద్దంది. కంపెనీ కాగితం బయటికి తెస్తే దొంగతనం అంటారు, కేసు తిరగబడుతుంది. ఏ తేదీల పేజీలు కావాలో రాసివ్వు, ఆఫీసరు గారే తెప్పిస్తారు అంది. 2023 మార్చి, ఏప్రిల్‌లో పద్నాలుగు తేదీలు రాసిచ్చాను. అవి వచ్చాక రాత్రి డ్యూటీ మాట మళ్లీ ఎత్తలేదు.

జూలై 31న కంపెనీ వాళ్లు ఆ అబ్బాయినే సాక్షిగా తీసుకొచ్చారు. నా వైపు చూడలేదు. అడిగినవాటికి అన్నీ వాళ్లు చెప్పమన్నట్టే చెప్పాడు. నా పోస్టు వేరు, ఆమె పోస్టు వేరు అన్నాడు. చివర్లో ఆఫీసరు గారు పెన్ను పక్కన పెట్టి అడిగారు: "నువ్వు సెలవు పెడితే నీ పని ఎవరు చేస్తరు?"

"అక్క చేస్తది సార్."

"ఆమె సెలవు పెడితే?"

"నేను చేస్త సార్."

ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. అతనికి తను ఏమన్నాడో రెండు క్షణాల తర్వాత అర్థమైంది, చెవులు ఎర్రబడ్డాయి. కావాలని అన్నాడో, నోరు జారాడో నేను ఇంతవరకు అడగలేదు. ఆ బైక్ సీటు కింద కాగితం చదివాడో లేదో కూడా అడగలేదు.

వారం తిరక్కుండానే రాజీకి రమ్మని ఫోను వచ్చింది. అప్పటికి అతని జీతం ఏప్రిల్ నుంచి 22,500 అయింది, కాబట్టి ఆగస్టు దాకా నాకు రావాల్సింది మొత్తం 1,56,000. వాళ్లు 60,000 దగ్గర మొదలుపెట్టారు. మేడం దాచకుండా చెప్పింది: ఆర్డరు దాకా వెళ్తే మొత్తం రావచ్చు, కానీ వాళ్లకు ముప్పై రోజుల్లో అప్పీలుకు వెళ్లే హక్కుంది, ఇంకో ఏడాది పట్టొచ్చు, నిర్ణయం నీదే. రెండు రోజులు ఆలోచించాను. ఆ రేకుల గదిలో ఇంకో ఎండాకాలం నావల్ల కాదనిపించింది.

ఆగస్టు 21న సంతకాలయ్యాయి, ఫారం ఇచ్చిన 170వ రోజు. సెప్టెంబరు నుంచి నాకూ 22,500. బకాయి కింద లక్ష, రెండు చెక్కులుగా. నా కుర్చీ పాత చోటే. డబ్బు కంటే ముందు ఆ కుర్చీ మాట కాగితం మీద రాయించమని అడిగాను, ఆఫీసరు గారు నవ్వారు కానీ రాశారు. రెండో చెక్కు అక్టోబరు 15ది, రెండుసార్లు ఆగమన్నారు, చివరికి నెలాఖరుకు పడింది.

నాకైన ఖర్చు: జీతం పోయిన సెలవులు తొమ్మిది రోజులు, జిరాక్సులు ఆరొందల చిల్లర, ఆటోలు, టీలు, దగ్గు మందులు. అన్నీ కలిపి 7,000 లోపు. లాయర్ ఫీజు సున్నా. వదులుకున్న 56,000 మాత్రం అప్పుడప్పుడు రాత్రి గుర్తొస్తుంది. తొందరపడ్డానేమో అనిపిస్తుంది. మర్నాడు ఉదయం నా టేబుల్ దగ్గర కూర్చుంటే అనిపించదు.

ఇది 2024 నవంబరులో రాస్తున్నాను (ఇందులోని చట్టాలు, ఫారాలు అప్పటివి; 2025 నవంబరులో వాటి స్థానంలో వేతనాల కోడ్ వచ్చింది). పోయిన వారం మా షెడ్డులో తాలు (రంగు పోయిన, పాడైన) కాయలు ఏరే ఆడవాళ్లలో ఒకామె నా దగ్గరికొచ్చింది. "మాకు గూడ అట్ల రాసియ్యవా అక్కా" అంది. లాయర్ మేడానికి ఫోను చేశాను. ఆమె అడిగిన మొదటి ప్రశ్నకే నా నోరు పడిపోయింది: "ఆ పని చేసే మగవాళ్లు ఎంతమంది?" ఒక్కరు కూడా లేరు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గొంతుకు కొంగు కట్టుకుని తాలు ఏరే పనికి మగవాళ్లు రారు. పోల్చడానికి మగవాడు లేకపోతే ఈ ఫారం పనికిరాదు. వాళ్లది కనీస వేతనం చట్టం కింద వేరే దరఖాస్తు, వేరే లెక్క.

ఆ లెక్క ఇప్పుడు రాస్తున్నాను. ఎవరు ఎన్ని గంటలు కూర్చుంటారో ఒక్కొక్కరినీ అడిగి రాసుకోవాలి. పదకొండు మందిలో తొమ్మిది మంది పేరు రాయమన్నారు, ఇద్దరు ఇంకా ఆలోచిస్తున్నారు. సోమవారం పొద్దున ఏడింటి బస్సుకు వెళ్తున్నాం.